వ్యాసంలో చనిపోయిన మిశ్రీమాయ

మిశ్రీమాయ తండుకార్‌ని చంపింది నేనే. పాటన్‌లో మా గల్లీ మొత్తానికీ ఈ సంగతి తెలుసు కాబట్టి దాచేదేం లేదు. భాద్రమాసంలో ఒక మధ్యాహ్నం, మా డాబా మీద చాప వేసుకుని కూర్చుని, ఎర్ర పెన్నుతో చంపాను. ఆ సమయానికి ఆమె కింద కొట్లో బారాలు కాలుస్తోంది. మినప్పిండి వేగుతున్న వాసన పైదాకా వస్తోంది. చంపిన చేత్తోనే కిందికి దిగివెళ్ళి రెండు తినొచ్చాను కూడా.

ఆమె నాకంటే పదహారేళ్ళు పెద్ద. నేను దిదీ అంటాను, ఆమె నన్ను బహినీ అంటుంది. గల్లీలో మిగతా అందరికీ ఆమె అజి, అంటే నాయనమ్మ. పెద్దాసుపత్రి గేటుకి సరిగ్గా ఎదురుగా ఆమె కొట్టు. నలభై మూడేళ్ళుగా అదే పెనం. ఆ ఆసుపత్రిలో డాక్టరైన ప్రతివాడూ ముందు మిశ్రీమాయ బారా తిన్నాకే డాక్టరయ్యాడు. తెల్లకోటు కొత్తగా వేసుకున్న పిల్లలు బిక్కమొహాలతో వస్తే ఆమె అట్లకాడ ఎత్తి కసిరేది.

"ఏం, మొదటి కాన్పు నీ చేతుల్లో పడిందా? చేతులింకా వణుకుతున్నాయే! ముందు తిను. భయపడ్డానికి సాయంత్రం దాకా టైముంది."

రోగుల తాలూకు మనుషులు లోపల డాక్టరు చెప్పింది అర్థంకాక ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు. చీటీ తిరగేసి పట్టుకునే ఆమె జబ్బు చెప్పేది. ఆమెకి చదువు రాదు. చీటీ చూసి కాదు, మొహం చూసి చెప్పేది. ఇంత చేసి, తను మాత్రం ఒక్కరోజు కూడా ఆ గేటు దాటి రోగిగా లోపలికి వెళ్ళలేదు. జలుబు చేస్తే ఒక చుక్క అయిలా, అంటే ఇంటి సారా, పుచ్చుకుని, ముసుగు పెట్టి పడుకునేది. తెల్లారేసరికి జలుబే లేచిపోయేది.

అలాంటి మనిషిని ఎందుకు చంపాల్సి వచ్చిందంటే, మనవడి కోసం.

ఆమె కొడుకు ఆశాకాజికి పెద్దవాడు రుజన్. చైనాలో వైద్యం చదివొచ్చాడు. ఇక్కడి లైసెన్సు పరీక్ష రాసి, ఒక చిన్న క్లినిక్కులో పనిచేస్తూ, అమెరికా ఆసుపత్రిలో శిక్షణకి చేరాలని పట్టుబట్టాడు. బయట చదివినవాళ్ళు అక్కడ డాక్టరీ చెయ్యాలంటే మళ్ళీ ఓనమాలు దిద్దుకున్నట్టే. రెండు పెద్ద పరీక్షలు, ఒక్కోటి పొద్దున కూర్చుంటే సాయంత్రానికి గానీ లేవనివ్వరు. ఆ తర్వాత ఇంగ్లీషు పరీక్ష. అందులో ఒకమ్మాయి జబ్బు ఉన్నట్టు నటిస్తుంది, వీడు డాక్టరులా మాట్లాడాలి. ఇవన్నీ అయితే ఒక సర్టిఫికెట్టు. అప్పుడు అక్కడికెళ్ళి ఏదో ఆసుపత్రిలో రెండు నెలలు చేతులు కట్టుకుని నిలబడాలి. రోగిని ముట్టుకోకూడదు. ముట్టుకోకుండా చక్కగా నిలబడ్డాడని పెద్ద డాక్టర్లు ఉత్తరాలు రాసివ్వాలి. ఆ పైన తన గురించి ఒక పేజీ వ్యాసం. అన్నీ కట్టగట్టి వందా నూటయాభై ఆసుపత్రులకి పంపితే, పిలిచినవాళ్ళు కంప్యూటర్లో మొహం చూసి మాట్లాడతారు. చివరికి వాళ్ళకి నచ్చిన డాక్టర్లని వాళ్ళూ, వీళ్ళకి నచ్చిన ఆసుపత్రుల్ని వీళ్ళూ వరసగా రాసిస్తే, మార్చిలో ఒక కంప్యూటరు రెండు వరసలూ కలిపి ఎవరికెవరో తేలుస్తుంది. దాన్ని మ్యాచ్ అంటారట.

ఇదంతా రుజన్ వివరంగా చెబితే మిశ్రీమాయ పెనం మీద నూనె చిలకరిస్తూ, "పెళ్ళి సంబంధమే కదురా! జాతకాలు జోషీ బదులు కంప్యూటరు చూస్తుంది, అంతేగా" అంది.

ఇంగ్లీషు పరీక్ష కోసం రుజన్ ఇంట్లో సాధన చేసేవాడు. ఒకరోజు అజిని కూర్చోబెట్టి, "అజీ, నీకు కడుపునొప్పి అనుకో" అన్నాడు.

"నాకెందుకురా నొప్పి?"

"ఊరికే అనుకో అజీ. నేను అడుగుతాను, నువ్వు చెప్పాలి."

"లేని జబ్బు ఉందంటే అది నిజమేననుకుని వచ్చి కూర్చుంటుంది. కావాలంటే మీ అమ్మని అడుగు. ఆవిడకి రోజూ ఏదో ఒకటి ఉంటుంది."

కోడలు లోపల్నుంచి గిన్నె ఒకటి గట్టిగా దించింది. ఆ రోజుకి సాధన అక్కడితో సరి.

పరీక్షలన్నీ గట్టెక్కాడు గానీ, రెండేళ్ళు వరసగా దరఖాస్తు పెట్టినా ఒక్క ఆసుపత్రీ పిలవలేదు. చదువు పూర్తయి అయిదేళ్ళు దాటినవాళ్ళ కాగితాలు చాలాచోట్ల తెరవనే తెరవరని వాడి బెంగ. ఆ ఏడు వాడికి అయిదోది. ఈసారి కాకపోతే ఇక ఈ ఆశ కట్టిపెట్టి క్లినిక్కులోనే ఉండిపోతానని నాతో అన్నాడు. అంటూ వ్యాసం నా చేతిలో పెట్టాడు.

నేను ముప్పయ్యొక్క ఏళ్ళు సర్కారు బడిలో నేపాలీ చెప్పి దిగినదాన్ని. నా ఇంగ్లీషు బడి గేటు దాకా వచ్చి ఆగిపోయే రకం. అందుకని వాడు పక్కన కూర్చుని ఒక్కో వాక్యం మా భాషలో చెప్పాడు. గుండె, రక్తనాళాలు, పరిశోధన, సేవాభావం. సేవాభావం నాలుగుసార్లు.

"ఇందులో నువ్వెక్కడున్నావురా?"

"అదేంటి మిస్, ప్రతి వాక్యంలోనూ నేనే ఉన్నాగా."

"ఉన్నావులే. చదివేవాడు మాత్రం ఏడవడంలేదు. రెండో పేరాకి కళ్ళు తడవాలి. ఎన్ని వేల కాగితాలు దిద్దాననుకున్నావు? ఆవు మీద వ్యాసం రాసినా ఆ ఆవు రెండో పేరాలో తప్పిపోవాలి. మీ ఇంట్లో ఎవరైనా పోయారా?"

"తాతయ్య పోయారు. నేను పుట్టకముందు. నిద్రలో."

"నిద్రలో పోతే పనికిరాడు."

సరిగ్గా అప్పుడే కింద కొట్లోంచి మిశ్రీమాయ గొంతు వినిపించింది. చట్నీ మూడోసారి అడిగినవాణ్ణి దులిపేస్తోంది. నేను రుజన్ వైపు చూశాను. వాడు నా వైపు చూశాడు.

"మిస్, వద్దు. అజి కింద బారాలు వేస్తోంది."

"వెయ్యనీరా. పోయేది అమెరికాలో కదా!"

తర్వాత అంతా చకచకా జరిగిపోయింది. ఏడు తరాలుగా పాటన్ దాటని కుటుంబానికి కొండల్లో ఒక ఊరు ఇచ్చాను. ఆ ఊరికి రోడ్డు లేకుండా చేశాను. తొమ్మిదేళ్ళ రుజన్ కళ్ళెదుట అజికి అపెండిక్స్ పగిలింది. డోకో బుట్టలో కూర్చోబెట్టి, బాబాయి వీపున మోసుకుని, రెండు రోజులు నడిచారు. ఆసుపత్రి దీపాలు కనబడే మలుపులో ఆమె మనవడి చెయ్యి పట్టుకుని కన్ను మూసింది. 'ఆ రోజే డాక్టరు కావాలనుకున్నాను.' రుజన్ ఇంగ్లీషులో పెట్టాడు. చివర్లో ఏదో లోటుగా అనిపించి వాన కూడా కురిపించాను. చదువుతుంటే నా కళ్ళే తడిశాయి. అందుకే కిందికి వెళ్ళి రెండు బారాలు తినాల్సొచ్చింది.

దశైం, అంటే మా దసరా, వెళ్ళిన వారానికి ఒక ఆసుపత్రి పిలిచింది. ఒక్కటే. ఎక్కడో మంచు కురిసే చిన్న ఊరు. ఇంటర్వ్యూకి తారీఖు ఇచ్చారు, వాళ్ళ టైము పొద్దున ఎనిమిది గంటలు. రుజన్ మా డాబా మీదికి రెండేసి మెట్లు ఎక్కుతూ వచ్చి నా కాళ్ళకి మొక్కాడు. నేను కొంచెం పొంగిపోయానని ఒప్పుకుంటాను. వాన వల్లే పిలిచారని నాకు గట్టి నమ్మకం.

ఆ సాయంత్రమే జోషీ వచ్చి మిశ్రీమాయ జాతకం తీసి లెక్క కట్టి ఇచ్చాడు. మా నేవార్లలో డెబ్బై ఏడేళ్ళ ఏడు నెలల ఏడు రోజుల ఏడు ఘడియలు బతికినవాళ్ళు ఆ పైన మనుషుల లెక్కలోకి రారు, దేవుళ్ళ లెక్కే. ఆ ఘడియకి రథమెక్కించి ఊరేగిస్తాం. దాన్ని జంకో అంటాం. కొడుకులూ మనవలూ తాడు లాగాలి. ఊరేగింపు ముగిసేదాకా ఆ మనిషి పాదం నేలకి తగలకూడదు. పెళ్ళి ముహూర్తం అయితే ఇంకో నెలకి జరుపుకోవచ్చు. దీన్ని జరపడానికి లేదు. ఆమె ఆ ఘడియకే ఆ వయసులోకి వస్తుంది మరి, ఎవరేం చేస్తారు?

రెండూ ఒకేరోజు పడ్డాయి.

"ఏం గాభరా లేదు మిస్" అన్నాడు రుజన్. "అమెరికాకీ మనకీ పది గంటల నలభై అయిదు నిమిషాలు తేడా. పోయినేడు డిసెంబర్లో ఇంటర్వ్యూ ఇచ్చిన మా సీనియర్ రాసిచ్చాడు. అంటే మనకి సాయంత్రం ఆరూ నలభై అయిదు. జంకో అయిదింటికల్లా అయిపోతుంది. అజి కాళ్ళకి మొక్కి, స్నానం చేసి, టై కట్టుకుని కూర్చుంటా."

అజికి ఇంటర్వ్యూ సంగతి చెప్పాం. చావు సంగతి చెప్పలేదు.

ఆ రోజు గల్లీని చూడాలి! హోమం అయింది. మిశ్రీమాయకి ఎర్రచీర కట్టి, పాదాలకి ఎర్రరంగు పూసి, తలకి కిరీటం పెట్టి, గొడుగు పట్టి, కొయ్యరథంలో కూర్చోబెట్టారు. ముందు ధిమే డప్పులు, వెనక ఇత్తడి బూరాల బ్యాండు. కోడళ్ళు పేలాలు చల్లుతున్నారు. ఆశాకాజి ఒక తాడు, రుజన్ ఇంకో తాడు. వాడు తెల్ల దౌరా సురువాల్ వేసుకున్నాడు. నుదుటి నిండా పెరుగు కలిపిన కుంకుమ బియ్యం. దారిపొడుగునా ఆమె చేత తల మీద చెయ్యి వేయించుకోవాలని జనం ఆపుతుంటే, మూడింటికి కదిలిన రథం అయిదుంపావుకి గానీ మా ఇంటి సందులోకి తిరగలేదు.

"మెల్లగా లాగరా! దేవత ఎముకలు పాతవి!" అని ఆమె మధ్యమధ్యలో అరుస్తోంది.

అప్పుడు రుజన్ జేబులో ఫోను గుర్రుమంది. వాడు ఒక చేత్తో తాడు పట్టుకుని, ఇంకో చేత్తో తీసి చూసి, నిలుచున్నచోటే ఆగిపోయాడు. రథం వాడి మడమకి తగిలింది.

"మిస్! ఇంకో అరగంటలో ఇంటర్వ్యూ అంటున్నారు!"

"ఆరూ నలభై అయిదన్నావు కదరా?"

వాడు వేళ్ళు లెక్కపెట్టుకున్నాడు. ఏం జరిగిందంటే, ఆ అమెరికావాళ్ళు చలికాలానికి ఒక టైము, ఎండాకాలానికి ఒక టైము పెట్టుకుని గడియారాలు ముందుకీ వెనక్కీ తిప్పుతుంటారట. తిప్పే రోజు ఇంకా రాలేదు. సీనియర్ రాసిచ్చింది డిసెంబరు లెక్క. మాది అక్టోబరు. గంట ముందే వచ్చిపడింది.

వాడు తాడు వదిలి పరిగెత్తబోయాడు. పైనుంచి కేక పడింది.

"ఎక్కడికిరా తాడు వదిలేసి?"

"అజీ, ఇంటర్వ్యూ! టైము తప్పు చూసుకున్నా!"

"ఓహో, ఆ పెళ్ళిచూపులా? పోరా, పో. రథం మన గుమ్మం ముందే ఉందిగా. నన్ను కుర్చీతో సహా పైకెత్తండి, ఆ దొర తల మీద నేనూ చెయ్యి వేస్తాను. ఇవాళ నా దీవెనకి బలమెక్కువ."

రుజన్ నా వైపు చూశాడు. నేను జోషీ వైపు చూశాను. జోషీకి ఏమీ తెలియదు కాబట్టి ఆయన తల ఊపుతున్నాడు, కానివ్వండి కానివ్వండి అని.

"నువ్వు పైకి రాకూడదు దిదీ" అన్నాను.

"ఏం?"

"నువ్వు పోయావు."

"ఎక్కడికి?"

"ఎక్కడికీ కాదు. పోయావంతే. ఇరవయ్యేళ్ళ కిందట. రుజన్ రాసిన వ్యాసంలో."

డప్పులవాళ్ళు వినడానికి వీలుగా డప్పులు ఆపేశారు. మిశ్రీమాయ కిరీటం సర్దుకుంది.

"ఏం జబ్బుతో?"

"అపెండిక్స్ పగిలి."

"ఆసుపత్రి గేటెదురుగా కొట్టు పెట్టుకుని, అపెండిక్స్ పగిలేదాకా చూస్తూ కూర్చున్నానా? నాకు బుద్ధి లేదూ?"

"అక్కడ కాదు దిదీ. కొండల్లో, రోడ్డు లేని ఊళ్ళో."

"రోడ్డు లేదా!" ఆమెకి చావు మీద రాని కోపం దీని మీద వచ్చింది. "మన ఊరికి రోడ్డు లేదని పరాయిదేశం వాడికి రాస్తారా? ఎవరు రాశారది?"

"రాసింది వాడు."

"చంపింది?"

నేను చెయ్యెత్తాను.

"నిన్న నా కొట్లో మూడు బారాలు తిన్నావు బహినీ" అందామె.

"అజీ, నువ్వు కనబడినా, వినబడినా ఇక అయిపోయినట్టే. ఇదొక్కటే పిలుపు" అన్నాడు రుజన్.

మిశ్రీమాయ వాణ్ణి కాసేపు చూసింది. రోగి మొహం చూసే చూపే అది. తర్వాత కోడలి పళ్ళెంలోంచి ఉడికిన గుడ్డు, ఎండుచేప తీసి వాడి చేతుల్లో పెట్టి, చిన్న గిన్నెలో అయిలా నోటికందించింది. మంచి పనికి కదిలేవాళ్ళకి సగున్ ఇవ్వకుండా మేం పంపం.

"పో. గుడ్డు దారిలో తిను. నువ్వు దిగొచ్చేదాకా రథం ఇక్కణ్ణించి కదలదు. పెద్ద మనవడి చెయ్యి పడకుండా నేను దేవతనయ్యేది లేదు. ఒరే బ్యాండూ! నోళ్ళు మూయండి!"

"రథం దారిలో ఆగకూడదమ్మా" అన్నాడు జోషీ.

"ఆగలేదు జోషీ. ఆలోచిస్తోంది."

నేను రుజన్ వెంట మేడమీదికి పరిగెత్తాను. వాడు దౌరా మీదే కోటు తొడిగి, నుదురు తుడిచాడు. కుంకుమ పోలేదు, మొహమంతా పరుచుకుంది. కంప్యూటరు ముందు కూర్చున్నాడు. గుడ్డు ఇంకా బుగ్గలోనే ఉంది. నేను కిటికీ పక్కన, ఆ బొమ్మలో పడకుండా, గోడకి అతుక్కుని నిలబడ్డాను. కింద ఎనభైమంది జనం. బూరాలు పెదాలకి ఆనించుకుని ఊదనివాళ్ళు, కర్రలు ఎత్తి డప్పు కొట్టనివాళ్ళు, గుప్పిట్లో పేలాలతో కోడళ్ళు. మధ్యలో గొడుగు కింద మిశ్రీమాయ, నోటి మీద వేలు వేసుకుని. మా గల్లీ అంత నిశ్శబ్దంగా ఉండడం నేను భూకంపం రోజు కూడా చూడలేదు.

తెర మీద ఒక పెద్దాయన వచ్చాడు. తెల్ల మీసం, కళ్ళ కింద సంచులు. డాక్టర్ హాల్వర్సన్. వాళ్ళు మాట్లాడింది అప్పుడు నాకు సగమే తెలిసింది. మిగతా సగం తర్వాత రుజన్ చెప్పాడు.

మొదట మామూలు ప్రశ్నలే. తర్వాత ఆయన ఒక కాగితం చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు సర్దుకున్నాడు.

"మీ నాయనమ్మగారి గురించి చదివాను. బాధగా ఉంది. ఆమె గురించి కొంచెం చెప్పండి."

రుజన్ నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. చెబితే అబద్ధాన్ని ఇంకా పెంచాలి, చెప్పకపోతే ఉన్న ఒక్క పిలుపూ పోతుంది. వాడి చెవులు ఎర్రబడ్డాయి. హాల్వర్సన్ ఓపిగ్గా ఎదురుచూస్తున్నాడు. పాపం, కుర్రాడు దుఃఖంతో మాట్లాడలేకపోతున్నాడని అనుకున్నట్టున్నాడు.

పైన మాటలు ఆగిపోయాయని కింద మిశ్రీమాయకి తెలిసింది. ఇంగ్లీషు రాకపోయినా నిశ్శబ్దం అందరికీ అర్థమవుతుంది కదా. కాసేపు ఓర్చుకుంది. ఇక ఆమె వల్ల కాలేదు.

"ఒరే రుజన్! మాట్లాడవేంరా? గుడ్డు ఇంకా మింగలేదా?"

హాల్వర్సన్ తల ఎత్తాడు. "ఎవరది?"

నేను గోడలోకి ఇంకా అతుక్కుపోయాను. రుజన్ బుగ్గలో గుడ్డు మింగాడు.

"మా నాయనమ్మ" అన్నాడు.

ఆయన కాగితం చూశాడు, వాణ్ణి చూశాడు. "మీకు ఇద్దరు నాయనమ్మలా?"

"ఒక్కరే సార్."

"ఈ కాగితంలో చనిపోయిన ఆమె?"

"ఆమే సార్. ఇవాళ దేవత అయ్యారు."

"చనిపోయిన తర్వాతా?"

"కాదు సార్, బతికే అయ్యారు. నేను అబద్ధం రాశాను. ఆమె చనిపోలేదు, మాకు కొండల్లో ఊరు లేదు. రాసేటప్పుడు ఆమె కింద కొట్లో ఉంది. ఇప్పుడూ కిందే ఉంది, రథంలో."

హాల్వర్సన్ కాగితం పైనుంచి కిందిదాకా మళ్ళీ చదివాడు. నేనైతే బడిలో కాపీ కొట్టినవాణ్ణి పట్టుకున్నప్పుడు ఇంతసేపు ఆగేదాన్ని కాదు.

"పదిహేడేళ్ళుగా ఈ వ్యాసాలు చదువుతున్నాను" అన్నాడు చివరికి. "నాకు తెలిసి నాలుగు వందల మంది నాయనమ్మలు, తాతలు పోయారు. తిరిగొచ్చింది ఈమె ఒక్కరే. చూపించండి."

రుజన్ కంప్యూటరు ఎత్తి కిటికీలో పెట్టాడు. కింద ఎనభై మొహాలూ ఒక్కసారి పైకి లేచాయి. మిశ్రీమాయ చెయ్యి ఎత్తి దీవించింది. తర్వాత అరిచింది.

"ఆయనకి చెప్పు, మనకి రోడ్డుందని! ఆ డబ్బా కిందికి వంచి చూపించు. ఇదిగో ఇదే రోడ్డు. ఆసుపత్రి ఇక్కణ్ణించి నలభై అడుగులు!"

రుజన్ వంచి చూపించాడు. హాల్వర్సన్ ఇటుకలు పరిచిన మా గల్లీని శ్రద్ధగా చూశాడు.

"మంచి రోడ్డే" అని ఒప్పుకున్నాడు. "ఇప్పుడు నిజం చెప్పండి. మీరెందుకు డాక్టరయ్యారు?"

రుజన్ కిటికీ దగ్గరే నిలబడి చెప్పాడు. వాడికి పన్నెండేళ్ళప్పుడు ఒకాయన కొట్టుకొచ్చి గుడ్డు వేసిన బారా అడిగాడట. అజి ఆయన మొహం చూసి, పెనం మీది బారా తీసి పక్కన పెట్టేసిందట. 'నీకు పెట్టను. నీ కళ్ళు పసుపుగా ఉన్నాయి. ఎదురు గేట్లోకి పో' అందట. ఆయన తిట్టుకుంటూ వెళ్ళాడు. మూడు వారాల తర్వాత చిక్కిపోయి వచ్చి, 'ఇప్పుడు పెడతావా' అని అడిగాడు. అజి మళ్ళీ కళ్ళు చూసి, పెట్టింది. "ఆవిడ చూసింది నాకెందుకు కనబడలేదని అప్పటినుంచి అనుకునేవాణ్ణి సార్. నేనూ పక్కనే ఉన్నాను. నాకు ఆకలిగా ఉన్న మనిషే కనబడ్డాడు."

ఇన్నేళ్ళు పక్కింట్లో ఉండి ఈ సంగతి నాకు తెలియదు. అడిగితే కదా! ఎవరు పోయారని అడిగాను గానీ.

"ఏమంటున్నాడురా?" అని కిందినుంచి మిశ్రీమాయ.

"నీ గురించే చెబుతున్నా అజీ."

"నా సంగతి సరే, ఆయన కళ్ళ కింద ఉబ్బింది చూశావా? ఉప్పు తగ్గించమను."

రుజన్ నసిగాడు. హాల్వర్సన్ ఏమిటని అడిగాడు. ఇక దాచడానికి ఏం మిగిలిందని, వాడు ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆయన కళ్ళ కింద తడుముకున్నాడు.

"మా ఆవిడ కూడా అదే అంటుంది" అన్నాడు. వెంటనే మొహం గట్టిగా పెట్టాడు. "చూడండి, ఇది చిన్న తప్పు కాదు. రోగి కాగితంలో ఇలా రాస్తే మనిషి నిజంగా పోతాడు. నేను మర్చిపోయినట్టు నటించను. మీ అసలు కథ ఒక పేజీ రాసి రేపటికి పంపండి. అది మావాళ్ళ ముందు పెడతాను. మాట మాత్రం ఇవ్వను."

"అలాగే సార్."

"ఇంకొక్కటి. ఆ వాన కూడా అబద్ధమేనా?"

"అవును సార్. అది మా మిస్ కురిపించారు."

"వాన బాగుంది" అన్నాడాయన. తెర నల్లబడింది.

రుజన్ మెట్లు దిగి తాడు అందుకున్నాడు. మిశ్రీమాయ చెయ్యి ఊపింది. అరగంట బిగబట్టిన ఊపిరంతా బూరాల్లోంచి ఒక్కసారి బయటికొచ్చింది. నా చెవులు మర్నాటిదాకా గుయ్‌మంటూనే ఉన్నాయి.

ఆ పేజీ వాడు ఒక్కడే రాశాడు. నన్ను ముట్టుకోనివ్వలేదు. నేను దొంగతనంగా చూశాను. వాన లేదు. రెండో పేరాలో ఒక బారా ఉంది, అంతే.

మార్చి దాకా అయిదు నెలలు మా గల్లీలో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. మిశ్రీమాయ మాత్రం దేవతయ్యాక కూడా రోజూ పెనం దగ్గరే కూర్చుంది. నాకు బారా పెట్టేటప్పుడు ప్రతిసారీ, "చచ్చినదాని చేతి వంట, చూసుకుని తిను" అనేది. నేను చూసుకోకుండానే తినేదాన్ని.

మార్చిలో ఒక సోమవారం సాయంత్రం రుజన్ కొట్టు ముందు నిలబడి ఫోను తెరిచాడు. చదివాడు. ఇంకోసారి చదివాడు. తర్వాత బెంచీ మీద కూర్చుండిపోయాడు. మిశ్రీమాయ అట్లకాడ దించి, వాడి గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి చూసింది. ఫోను వైపు చూడనే లేదు.

"వచ్చింది" అంది మాతో. తర్వాత వాడితో, "ఆ ఉప్పు మనిషి దగ్గరేనా?"

"ఆయన దగ్గరే అజీ."

"వెళ్ళగానే కళ్ళు చూడు. తగ్గించకపోతే నాకు చెప్పు."

ఇది తెలిసి ఈ ఏడు భాద్రమాసం రాకముందే ఆరుగురు కుర్ర డాక్టర్లు వ్యాసాలు పట్టుకుని మా డాబా ఎక్కారు. ఆరుగురి నాయనమ్మలూ రథమెక్కి ఊరేగుతున్నారు. అందులో ఒకడు ఝాపా జిల్లా బ్రాహ్మణుడు, వాళ్ళకసలు జంకోనే లేదు. ఇంకొకడి నాయనమ్మకి అరవై రెండేళ్ళు. నేను ఎర్ర పెన్ను తీశాను గానీ, దాన్ని మిశ్రీమాయ లాక్కుంది. ఇప్పుడు ఎవడైనా ముందు ఆమె కొట్లో కూర్చుని, తిని, వ్యాసం ఆమెకి చెప్పాలి. ఎవరైనా పోయారంటే, "ఫోన్ చెయ్యి, మాట్లాడతాను" అంటుంది.

మొన్న ఒక పిల్లాడు వాళ్ళ తాత హిమపాతంలో పోయాడని కళ్ళు తుడుచుకుంటూ చెప్పాడు. చెయ్యమంది. వాడు చెయ్యనన్నాడు. ఆమే నంబరు అడిగి నా ఫోన్లో కొట్టించింది. మూడుసార్లు మోగాక అవతల దగ్గు వినిపించింది.

"హలో, ఎవరండీ?" అన్నాడు తాత.

మిశ్రీమాయ ఫోను నా చెవికి ఆనించింది. "బహినీ, చంపి అలవాటున్నదానివి. ముందు నువ్వు క్షమాపణ చెప్పు."